యాడ్ ఎందుకు ఆగింది?

కెనడా తూర్పు కొసన, న్యూఫౌండ్‌లాండ్‌లోని సెయింట్ జాన్స్ నగరంలో ఈ.డబ్ల్యు. గేజ్ అనే విత్తనాల దుకాణం ఉంది. 2020 అక్టోబరులో ఆ దుకాణంవాళ్లు 'వాలా వాలా' రకం తీపి ఉల్లి విత్తనాలు అమ్ముదామని ఫేస్‌బుక్‌లో ప్రకటన పెట్టారు. ఫొటోలో ఉల్లిపాయలు తప్ప మనిషన్నవాడు లేడు. అయినా ప్రకటన తిరిగొచ్చింది. కారణం: అశ్లీలంగా ఉందట! లేత రంగులో గుండ్రంగా ఉన్న ఉల్లిపాయలను యంత్రం మనిషి ఒంటి భాగాలనుకుంది. దుకాణంవాళ్లు మళ్లీ చూడమని అడిగారు, సంగతి పత్రికలకెక్కింది, చివరికి ఫేస్‌బుక్ పొరపాటు ఒప్పుకుని ప్రకటనను తిరిగి అనుమతించింది.

ఇంట్లో పచ్చళ్లు పెట్టి ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మే గృహిణికీ, మంగళగిరి చీరల వ్యాపారికీ, జిల్లా కేంద్రంలో కోచింగ్ సెంటర్ నడిపే మాస్టారికీ ఇలాంటి 'రిజెక్టెడ్' సందేశం కొత్తేమీ కాదు. తేడా ఏమిటంటే, వాళ్ల గోడు పత్రికలకెక్కదు. దసరాకు పెట్టిన సరుకు దీపావళి దాటినా కదలదు. ఆ సందేశం కింద ఉండే ఒకటి రెండు వాక్యాల కారణం సామాన్యుడికి అంతుపట్టదు. దాంతో ఫొటో మార్చి ఒకసారి, పేరు మార్చి ఇంకోసారి అదే ప్రకటనను పెడుతూ పోతారు. అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. ప్రకటనను ఎవరు చూస్తారో, దేన్ని చూసి ఆపుతారో తెలిస్తే చాలా తిరస్కరణలను ముందే తప్పించుకోవచ్చు.

ముందుగా, చూసేదెవరు? ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల యజమాని అయిన మెటాకు 2020 నాటికే కోటి మందికి పైగా ప్రకటనదారులున్నారు. ఇన్ని ప్రకటనలను మనుషులు కూర్చుని చదవడం అయ్యే పని కాదు. అందుకే తొలి పరిశీలన అంతా దాదాపు యంత్రాలదే. మామూలుగా 24 గంటల్లో ఫలితం వస్తుంది, కొన్నిసార్లు ఇంకా ఆలస్యమవుతుంది. యంత్రం ఫొటో, వీడియో, వాటి మీది అక్షరాలు, కింద రాసిన మాటలు, ఎవరికి చూపించమన్నారు అన్న వివరాలు, నొక్కితే తెరుచుకునే వెబ్ పేజీ, అన్నిటినీ కలిపి చూస్తుంది. ఒకసారి అనుమతి వచ్చిందంటే ఇక నిశ్చింత అనుకోవడానికీ లేదు. నడుస్తున్న ప్రకటనను కూడా మళ్లీ పరిశీలించి ఆపేయవచ్చు. యూట్యూబ్ ప్రకటనలు చూసుకునే గూగుల్ ఒక్క 2024లోనే 510 కోట్ల ప్రకటనలను తొలగించింది, 3.92 కోట్ల ప్రకటనదారుల ఖాతాలను నిలిపేసింది. అందులో భారతదేశానికి సంబంధించినవి 24.74 కోట్ల ప్రకటనలు, 29 లక్షల ఖాతాలు.

ఇంత పెద్ద వలలో మోసగాళ్లతో పాటు నిజాయతీపరులూ చిక్కుతారు. ఎక్కువమంది చిక్కేది కొన్ని తెలిసిన చోట్లే.

వాటిలో మొదటిది, చూసేవాడి వ్యక్తిగత సంగతిని ఎత్తిచూపడం. 'మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్నారా?', 'మీకు షుగర్ ఉందా?', 'అప్పుల్లో కూరుకుపోయారా?' అని పలకరిస్తూ మొదలుపెట్టడం మన ప్రకటనల్లో గోడరాతల కాలం నుంచీ ఉన్న అలవాటు. బస్టాండు గోడ మీద అది అందరినీ అడిగే ప్రశ్న. ఫోన్‌లో అలా కాదు. ఆ ప్రశ్న ఒక్కరి కళ్లముందే నిలబడి, 'నీ జబ్బు సంగతి మాకు తెలుసు' అన్నట్టు వినిపిస్తుంది. అందుకే జబ్బు, మతం, జాతి, వయసు, వైకల్యం, ఆర్థిక పరిస్థితి వంటివి చూసేవారికి ఉన్నాయని చెప్పినా, స్ఫురింపజేసినా మెటా ఒప్పుకోదు. సవరణ చాలా తేలిక. మాట మనిషి మీది నుంచి సేవ మీదికి జరగాలి. 'మీకు షుగర్ ఉందా?' అన్నచోట 'మధుమేహ రోగులకు ఆహార సలహాలు, ప్రతి శనివారం' అని రాస్తే విషయం చేరుతుంది, ఎవరినీ వేలెత్తి చూపినట్టూ ఉండదు.

రెండోది ఆరోగ్యం పేరుతో చేసే వాగ్దానం. మునగాకు పొడి, చిరుధాన్యాల పిండి, గానుగ నూనె అమ్మేవాళ్లు తరచూ ఇక్కడే దెబ్బతింటారు. పొడి మంచిదే కావచ్చు. 'నెలలో పది కిలోలు తగ్గుతారు', 'షుగర్ మాయం' అన్న మాటే ప్రకటనను ముంచుతుంది. బరువు తగ్గక ముందు, తగ్గాక అంటూ పక్కపక్కన పెట్టే ఫొటోలు, పొట్ట మడతలను వేళ్లతో పట్టి చూపించే దృశ్యాలు, తన ఒంటిని చూసి తానే సిగ్గుపడేలా చేసే మాటలు మెటా నియమాలకు విరుద్ధం. బరువు తగ్గించే ఉత్పత్తుల ప్రకటనలను 18 ఏళ్లలోపు వారికి చూపించకూడదు.

ఈ విషయంలో కంపెనీ నియమం కన్నా ముందే మన దేశంలో చట్టం ఉంది. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం మధుమేహం, క్యాన్సర్, స్థూలకాయం, రక్తపోటు సహా షెడ్యూలులో చేర్చిన జబ్బులను నయం చేస్తామని ప్రకటించడమే నేరం. 2024లో పతంజలి ఆయుర్వేద ప్రకటనల మీద సుప్రీంకోర్టు కోర్టు ధిక్కార విచారణ జరిపింది, ఆ సంస్థ పత్రికల్లో బహిరంగ క్షమాపణ ప్రచురించాల్సి వచ్చింది. అలాగే కడుపులో ఉన్నది ఆడో మగో చెబుతామని సూచించే ఏ ప్రకటనైనా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద శిక్షార్హం. పసిపిల్లల పాలపొడి డబ్బాలకు ప్రకటనలివ్వడాన్ని 1992 చట్టం నిషేధించింది. ఇలాంటి ప్రకటన ఆగిపోయిందంటే దాన్ని మార్చి నడిపే దారి వెతకకూడదు. పూర్తిగా మానుకోవాలి.

ఫొటోల దగ్గర మాత్రం యంత్రం తప్పు చేసే అవకాశం ఎక్కువ. 2016లో ఆస్ట్రేలియాలో ఒక స్త్రీవాద బృందం తమ కార్యక్రమానికి ప్రముఖ మోడల్ టెస్ హాలిడే ఫొటోతో ప్రకటన ఇచ్చింది. ఆమె లావుగా ఉంటుంది. ఒంటి భాగాలను అవాంఛనీయంగా చూపుతోందన్న కారణంతో ఫేస్‌బుక్ దాన్ని ఆపింది, తర్వాత క్షమాపణ చెప్పింది. 2018లో బెల్జియంలోని ఫ్లాండర్స్ పర్యాటక సంస్థ తమ గడ్డ మీద పుట్టిన కళ గురించి ఇచ్చిన ప్రకటనలు, 17వ శతాబ్దపు రూబెన్స్ చిత్రాల్లో నగ్నత్వం ఉందని ఆగిపోయాయి. సంస్థ బహిరంగ లేఖ రాసి నిరసన తెలిపింది. మన దగ్గర బ్లౌజు వెనక డిజైన్లు చూపించే బొటిక్‌లు, చర్మ చికిత్సల క్లినిక్‌లు, లోదుస్తుల దుకాణాలు ఇదే ఇబ్బందిని గుర్తుంచుకోవాలి. వీపు, మెడ దగ్గరి చర్మమే ఫ్రేము నిండా కనిపించే క్లోజప్ కన్నా, మొత్తం చీరకట్టు కనిపించే ఫొటో మేలు. బొమ్మకు తొడిగిన బ్లౌజైనా, హ్యాంగరుకు వేసిన బ్లౌజైనా ఇంకా మేలు.

ఫొటో మీద అక్షరాలు ఐదో వంతుకు మించితే ప్రకటన రాదన్న మాట ఇప్పటికీ చాలామంది ఏజెంట్ల నోట వినిపిస్తుంది. ఆ 20 శాతం నియమాన్ని ఫేస్‌బుక్ 2020 సెప్టెంబరులోనే ఎత్తేసింది. అక్షరాలు తక్కువుంటే చదవడానికి బాగుంటుంది, అంతవరకే.

డబ్బు సంగతికొస్తే కట్టడి ఇంకా గట్టిగా ఉంటుంది, దానికి కారణమూ ఉంది. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు వరసగా కేసులు పెట్టి నిర్వాహకులను అరెస్టు చేశారు. 90 రోజులు, అంతకన్నా తక్కువ గడువులో తీర్చాల్సిన అప్పుల ప్రకటనలను మెటా అనుమతించదు. 'ఇంట్లో కూర్చుని నెలకు యాభై వేలు' తరహా త్వరిత సంపాదన ప్రకటనలు, గొలుసుకట్టు వ్యాపారాల ప్రకటనలు అసలే కుదరవు. షేర్లు, పెట్టుబడుల సలహాలిచ్చేవారు తమ ఈమెయిల్, ఫోన్ నంబర్లను మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ పోర్టల్‌లో నమోదు చేసుకుని, వాటితోనే ఈ వేదికల్లో ప్రకటనలివ్వాలని సెబీ 2025లో ఆదేశించింది. ఇక డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం వాటికి ప్రకటన ఇచ్చినా రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా పడవచ్చు.

ఎన్నికలు, రాజకీయాల ప్రకటనలకు దారి వేరు. మన దేశంలో 2019 ఫిబ్రవరి నుంచి ఇలాంటి ప్రకటన ఇచ్చేవారు ముందుగా తమ గుర్తింపునూ, ఉండే చోటునూ ధ్రువీకరించుకోవాలి, ప్రకటన మీద డబ్బు పెట్టినవారి పేరు కనిపించాలి. ఊళ్లో నాయకుడి ఫొటోతో పండుగ శుభాకాంక్షల పోస్టును బూస్ట్ చేసినా యంత్రం దాన్ని రాజకీయ ప్రకటనగా లెక్కించవచ్చు. ధ్రువీకరణకు రోజులు పట్టవచ్చు కాబట్టి, నామినేషన్ల రోజున మొదలుపెడితే అందదు.

చాలామంది అసలు తొంగి చూడని చోటు వెబ్ పేజీ. ప్రకటన నిక్షేపంలా ఉంటుంది, నొక్కితే తెరుచుకునే పేజీలో లోపం ఉంటుంది. పేజీ తెరుచుకోకపోవడం, ఫోన్‌లో సగం కనిపించడం, ప్రకటనలో 499 రూపాయలని ఉండి పేజీలో 899 ఉండడం, తెరవగానే మరో పేజీకి తోసేయడం, ప్రకటనలో లేని 'షుగర్ మాయం' వాగ్దానం పేజీ అడుగున ఉండడం, ఏదైనా తిరస్కరణకు చాలు. ఫొటోను పదిసార్లు మార్చినా ఫలితం లేని చాలా సందర్భాల్లో జబ్బు అక్కడే ఉంటుంది. చిరునామా, ఫోన్ నంబరు, సరుకు వాపసు నిబంధనలు స్పష్టంగా ఉన్న పేజీ కొనేవారికీ నమ్మకం కలిగిస్తుంది.

ఇక ప్రకటన ఆగిపోయాక చేయాల్సింది. సందేశంలో చెప్పిన నియమం పేరును పట్టుకుని ఆ నియమాన్ని పూర్తిగా చదవాలి. మెటా నియమాలన్నీ బహిరంగంగానే ఉన్నాయి, చాలావాటిలో చెల్లే మాటకూ చెల్లని మాటకూ ఉదాహరణలిచ్చారు. ఆ తర్వాత తనను తాను నిజాయతీగా అడగాల్సిన ప్రశ్న ఒకటే: నియమం ఉల్లంఘించానా, లేదా? ఉల్లంఘిస్తే సరిదిద్దాలి. మార్పు చేసి సేవ్ చేయగానే ప్రకటన మళ్లీ పరిశీలనకు వెళుతుంది. ఉల్లంఘించలేదని నమ్మకముంటే ఏమీ మార్చకుండా 'రిక్వెస్ట్ రివ్యూ' నొక్కాలి. ఉల్లి విత్తనాలవాళ్లు మొదలుపెట్టిందీ ఆ దారిలోనే. ఒకే ప్రకటనలో రెండు మూడు లోపాలుండవచ్చు కాబట్టి మాటలు, బొమ్మ, పేజీ, చూసేవారి వయసు అన్నీ ఒకేసారి సరిచూసుకోవడం ఉత్తమం.

చేయకూడనివీ అంతే ముఖ్యం. అదే ప్రకటనను మార్చకుండా మళ్లీ మళ్లీ పెట్టడం, అడ్డు చెప్పే పదాన్ని చుక్కలతో, గుర్తులతో విడదీసి యంత్రం కన్నుగప్పాలనుకోవడం, పరిశీలించేవారికి ఒక పేజీ, కొనేవారికి ఇంకో పేజీ చూపించడం, మూతపడిన ఖాతా స్థానంలో బంధువు పేరుతో కొత్తది తెరవడం. వీటన్నిటినీ వ్యవస్థను దాటవేసే ప్రయత్నంగా చూస్తారు. మామూలు తప్పుకు ఒక ప్రకటన ఆగుతుంది. ఈ తప్పుకు ప్రకటనల ఖాతా, పేజీ, వ్యాపార నిర్వహణ ఖాతా అన్నీ ఒకేసారి మూతపడవచ్చు. ఏళ్లుగా కూడగట్టుకున్న కొనుగోలుదారుల జాబితా చేజారుతుంది. 'మాకు లోపల మనుషులున్నారు, తెరిపిస్తాం' అని డబ్బడిగే దళారులను నమ్మితే డబ్బుతో పాటు పాస్‌వర్డూ పోతుంది.

ఇన్ని జాగ్రత్తలు చిన్న వ్యాపారికి చెబుతున్నప్పుడు, వేదికల బాధ్యతను కూడా గట్టిగా అడగాలి. 2025 నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ మెటా అంతర్గత పత్రాలను బయటపెట్టింది. మోసపు ప్రకటనలు, నిషిద్ధ సరుకుల ప్రకటనల నుంచి 2024 ఆదాయంలో దాదాపు 10 శాతం వస్తుందని ఆ పత్రాల్లో సంస్థే అంచనా వేసుకుంది. ప్రకటనదారు మోసగాడని 95 శాతం నమ్మకం కుదిరితేనే నిషేధిస్తున్నట్టూ అందులో ఉంది. ఆ అంచనా స్థూలమైనదని, అవసరానికి మించి లెక్కగట్టినదని మెటా వివరణ ఇచ్చింది. అంచనా ఎంత స్థూలమైనదైనా, మోసగాడికి దొరుకుతున్న ఆ వెసులుబాటుతో పోల్చితే పచ్చళ్లమ్మే ఇల్లాలికి కనీసం తన తప్పేమిటో తెలుగులో స్పష్టంగా తెలుసుకునే హక్కుండాలి. వినడానికి ఒక మనిషీ ఉండాలి.

మనిషి వినే దారి మన దేశంలో కొంతవరకు ఉంది, చాలామందికి తెలియదు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ప్రతి సామాజిక మాధ్యమ సంస్థా ఇక్కడ ఫిర్యాదుల అధికారిని నియమించాలి. ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో తెలపాలి, నిబంధనలు చెప్పిన గడువులోగా పరిష్కరించాలి. ఖాతానే మూసేసిన సందర్భంలో, ఆ అధికారి జవాబుతో తృప్తి కలగకపోతే 30 రోజుల్లోగా గ్రీవెన్స్ అప్పీలెట్ కమిటీకి వెళ్లవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో ఏర్పాటు చేసిన ఈ కమిటీలకు అప్పీలు మొత్తం ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. అప్పీలుకు వెళ్లేవారు తిరస్కరణ సందేశం, ఆగిన ప్రకటన, వెబ్ పేజీల స్క్రీన్‌షాట్లు, సంస్థకు పంపిన ఫిర్యాదు, దానికి వచ్చిన జవాబు తేదీలతో సహా దాచుకోవాలి. పండుగ అమ్మకాలున్నవారు ప్రకటనను కనీసం వారం ముందే పరిశీలనకు పంపితే, ఆగినా సరిదిద్దుకుని మళ్లీ పరిశీలనకు పంపడానికి కాస్త వ్యవధి చిక్కుతుంది.