రంగు కూరలా, రంగు మాత్రలా? క్యాన్సర్ గురించి అసలు సంగతి

"బీటా కెరోటిన్ మాత్రలు వేసుకుంటే క్యాన్సర్ రాదంట, నిజమేనా అన్నా?" అని సోహార్ నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఎపిసోడ్‌లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా. పూర్తి ట్రాన్స్‌క్రిప్ట్ కింద ఉంది. నేను డాక్టర్‌ని కాదు, ఐటీఐ చదివిన సైట్ సూపర్‌వైజర్‌ని. చదివి అర్థం చేసుకున్నదే చెప్తున్నా.

రంగు ఏం చేస్తుంది?

టమాటా ఎరుపు లైకోపీన్ వల్ల. క్యారెట్ రంగు బీటా కెరోటిన్ వల్ల. పసుపులో కర్క్యుమిన్, నేరేడు పండులో, దానిమ్మ గింజలో ఆంథోసయనిన్లు. తోటకూర, మునగాకులో కూడా బీటా కెరోటిన్ బాగా ఉంటుంది, పచ్చరంగు దాన్ని కప్పేస్తుంది అంతే.

సముద్రం పక్క సైట్‌లో కడ్డీలు వదిలేస్తే తుప్పు పడతాయి కదా. పొగ, ఎండ వల్ల మన ఒంట్లో ఫ్రీ రాడికల్స్ పుట్టి కణాల్లోని డీఎన్‌ఏను అలాగే దెబ్బతీస్తాయి. ఆ దెబ్బలు పోగుపడితే కణం అదుపు తప్పి క్యాన్సర్ కావొచ్చు. ల్యాబ్‌లో చూస్తే ఈ రంగులు ప్రైమర్ కోటులా అడ్డం పడతాయి. మరి మనిషి ఒంట్లో?

పరీక్షల్లో ఏం తేలింది?

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 16 మంది పొగతాగేవాళ్లకు రోజుకు 1.5 గ్రాముల పసుపు 30 రోజులు ఇచ్చారు. మూత్రంలో జన్యువులను దెబ్బతీసే పదార్థాలు తగ్గాయని 1992లో ప్రకటించారు. మంచి మాటే. కానీ అది చిన్న పరీక్ష, క్యాన్సర్ ఆగిందని అందులో తేలలేదు.

మాత్రల కథ వేరు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష జరిగింది. 1994లో ఫలితం వస్తే, రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా ఉంది! అమెరికాలో ఇంకో పరీక్ష. అందులో పొగతాగేవాళ్లతో పాటు పనిలో ఆస్‌బెస్టాస్ దుమ్ము పీల్చినవాళ్లూ ఉన్నారు. బీటా కెరోటిన్‌తో పాటు విటమిన్ ఎ కూడా ఇచ్చారు. అక్కడ 28 శాతం ఎక్కువ. 1996 జనవరిలో పరీక్షే ఆపేశారు.

అంటే సిగరెట్ తాగేవాళ్లు, ఆస్‌బెస్టాస్ దుమ్ములో పనిచేసినవాళ్లు ఆ మాత్రల జోలికి పోకూడదు. కూరలో వచ్చే బీటా కెరోటిన్‌తో ఈ భయం లేదు. అందులో మోతాదు తక్కువ, తోడుగా పీచు, వేరే పోషకాలూ ఉంటాయి.

రూమ్‌లో ఏం వండుకోవాలి?

పండ్లు, కూరగాయలు కలిపి రోజుకు కనీసం 400 గ్రాములు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. టమాటాను నూనెలో మగ్గనిస్తే లైకోపీన్ ఒంటికి బాగా పడుతుంది. మన టమాటా పప్పు, తోటకూర వేపుడు సరిగ్గా అదే పని చేస్తాయి. సలాలా బొప్పాయి, సీజన్‌లో జబల్ అఖ్దర్ దానిమ్మ కొనుక్కోండి. మాత్రల డబ్బాకు పెట్టే రియాళ్లు వీటికి పెట్టండి.

కూర కడగలేనిది ఒకటుంది

శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ అలవాటు తెలిసిందే. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని తాగేవాళ్లకు అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పుడో తేల్చారు. ఇక్కడ కొందరు దొంగచాటుగా కొనే గుట్కా, అఫ్జల్ కూడా పొగాకే. ఎంత తోటకూర తిన్నా పొగాకు చేసే నష్టాన్ని పూడ్చలేదు. ముందు అది మానాలి, తర్వాతే కూర లెక్క.

నోట్లో పుండు గానీ, తెల్ల మచ్చ గానీ రెండు మూడు వారాలైనా మానకపోతే ఊరెళ్లేదాకా ఆగొద్దు, ఇక్కడే డాక్టర్‌కి చూపించండి. తొందరగా పట్టుకుంటే నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. పక్క బెడ్ తమ్ముడికి కూడా ఈ మాట చెప్పండి.