నీటి సరఫరాలో పెట్టుబడి



చేత మిగిలిన సొమ్ముతో భూమి కొనుట, వడ్డీకిచ్చుట మన గ్రామములలో వాడుక. నేడు కంపెనీల వాటాలు సయితము మన వాకిటికి వచ్చుచున్నవి. వానిలో నీటి సరఫరా వాటాలు మిక్కిలి భద్రమని కొందరు చెప్పుదురు. దాహము లేని మనుష్యుడు లేడు గదా! ఈ మాట ఎంతవరకు నిజమో ఇంగ్లండు దేశపు అనుభవము తెలుపగలదు.

1613వ సంవత్సరమున హ్యూ మిడిల్టను అను స్వర్ణకారుడు ఊటనీటిని సుమారు నలువది మైళ్ల కాలువచే లండను నగరమునకు తెచ్చెను. దానికి 'న్యూ రివరు' అని పేరు. సొమ్ము చాలనపుడు జేమ్సు రాజు సగము వ్యయము భరించి, సగము లాభమునకు హక్కు పొందెను. లాభము త్వరగా రాలేదు. ఆయన కుమారుడు ఛార్లెసు 1631లో ఏటా 500 పౌనులు చాలునని ఆ భాగమును వదలుకొనెను. పందొమ్మిదవ శతాబ్ది తుదకు అందలి ఒక్క వాటా లక్ష పౌనులకు పైగా పలికినది. ఓర్చినవారికే నీరు ఫలించెను.

1904లో లండను నీటి కంపెనీలు ప్రజాసంస్థ అధీనమైనవి. 1989లో ప్రభుత్వము ఇంగ్లండు, వేల్సులలోని పది నీటి సంస్థలను మరల వాటాదారులకు అమ్మెను. అపుడు దాదాపు 500 కోట్ల పౌనుల పాత ఋణమును రద్దుచేసెను. అయినను ఋణము మరల పేరుకొనెను. థేమ్సు నీటి కంపెనీ అప్పు 1500 కోట్ల పౌనులు దాటినది. ఒకవంక అప్పు పెరుగుచుండ, వేరొకవంక లాభములు పంచబడినవి. పాత గొట్టములు కారుచు, మురుగు నదులలో కలియుచుండెను. ఆ కంపెనీలో దాదాపు మూడవవంతు వాటా కెనడా దేశమునందలి ఒంటారియో పురపాలకోద్యోగుల పింఛను నిధిదై యుండెను. 2024లో ఆ నిధి తన వాటా విలువను సున్నగా లెక్కవేసికొనెను. అది వేలమంది ఉద్యోగులు వృద్ధాప్యమునకై కూడబెట్టిన సొమ్ము!

కారణమేమి? నీరు కొనువారు తప్పక ఉందురు; కావున రాబడి నిశ్చయము. కాని నీటి ధరను కంపెనీ తన యిష్టానుసారము పెంచజాలదు. ప్రభుత్వము నియమించిన సంస్థ నిర్ణయించును. గొట్టముల మరమ్మతు ఆగదు, వడ్డీ ఆగదు. రాబడి నిశ్చయమైనంత మాత్రమున లాభము నిశ్చయము కాదు.

కనుక ఎవరైన నీటి వాటాలు కొనుమన్నచో నాలుగు ప్రశ్న లడుగుడు: ధర నిర్ణయించువా రెవరు? అప్పు ఎంత? మరమ్మతులకు ఏటేట ఎంత వెచ్చించుచున్నారు? పంచెడి లాభము రాబడినుండి వచ్చినదా, అప్పునుండి వచ్చినదా? సరియైన బదులు రానిచో సొమ్ము మీయొద్దనే యుండనిండు.

పూడిక తీయని చెరువును నమ్మి నారు పోయువాడు రైతు కాడు. ఈ సంగతి మీకు క్రొత్తగా చెప్పవలసినది కాదు.