గాజుతొట్టిలోని నీటిమొక్కలకు ఎంత వెలుతురు కావలెను?

ఎగువ అహోబిలమునుండి జ్వాలా నరసింహస్వామి సన్నిధికి నడచిపోయినవారు భవనాశినీ తీరమున నొక విశేషమును చూచియే యుందురు. పైన నల్లమల బండలు ఎండకు కాలుచుండును. క్రింద, కొండచరియల నీడ వీడని తావులందు, తడిరాళ్లపై నాచును, ఫెర్ను జాతి చిన్నమొక్కలును పచ్చగా నుండును. మన పొలమున వేరుసెనగ కట్టి నీడలో నుంచినచో నాలుగు దినములలో పాలిపోవునే. వీని కేమి బలము?

బలము కాదు, పొదుపు. మొక్క పగలు వెలుతురుచే ఆహారము కూర్చుకొనును. రేయింబవళ్లు శ్వాసించుచు దానినే ఖర్చు చేయును. నీడ మొక్క మెల్లగా పెరుగును, కొద్దిగా ఖర్చు చేయును. గావున కొద్ది వెలుతురే చాలును. కడప జిల్లా తమలపాకు తోటలలో తీగకు అవిసె చెట్ల నీడ నేల కల్పింతురో పెద్దలగు మీకు నేను చెప్పనక్కరలేదు.

1779వ సంవత్సరమున ఇంగెన్‌హౌస్ అను డచ్చి వైద్యుడు ఆకులను నీటిలో ముంచి చూచెను. ఎండలో ఆకులనుండి ప్రాణవాయువు బుడగలుగా లేచెను, చీకటిలో నిలిచిపోయెను. ఈ సంగతి నే నెరిగియు ఒకమారు మోసపోతిని. మనుమడు ముచ్చటపడి చేపల గాజుతొట్టి తెచ్చినప్పుడు, "మొక్కలకు ఎండ మంచిదే కదా" యని వసారాలో తూర్పుముఖముగా నుంచితిని. పది దినములలో నీరు పచ్చని కషాయమువలె నయ్యెను. ఒకనాటి వేకువను చేపలన్నియు నీటిపైకి వచ్చి నోళ్లు తెరచుచుండెను. తెల్లవారుసరికి మూడు చచ్చెను. వాడు రెండు దినములు నాతో మాటలాడలేదు. పగలు ప్రాణవాయువు నిచ్చిన ఆ పాచియే రాత్రి దానిని పీల్చివేసినది. నీరు వేడెక్కినకొలది అందు నిలుచు ప్రాణవాయువు తగ్గును. మన వేసవి సంగతి వేరే చెప్పవలెనా!

కావున తొట్టిని నేరుగా ఎండ పడనిచోట నుంచుడు. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టిలో సుమారు 40 లీటర్ల నీరు పట్టును. దానికి పగటి వెలుగును బోలిన తెల్లని ఎల్.ఇ.డి. దీపము 5 మొదలు 8 వాట్లది చాలును. దినమునకు 6 మొదలు 8 గంటలు, నిత్యము ఒకే వేళకు వెలిగింపవలెను. రాత్రియంతయు వెలిగించుట దయ కాదు. చేపలకును చీకటి కావలెను. కరెంటు పోయి ఒకటి రెండు దినములు దీపము లేకున్నను ఈ జాతి మొక్కలు చావవు. దీపమే లేనివారు ఉత్తరపు కిటికీ ప్రక్క నుంచవచ్చును.

ఇట్టి తొట్టికి తగినవి మూడు. ఆఫ్రికా పశ్చిమభాగపు అనూబియాస్, ఆగ్నేయాసియాలో విరివిగా నుండు జావా ఫెర్ను, మన దక్షిణదేశపు ఏళ్లలోను సింహళములోను పెరుగు క్రిప్టోకొరైన్. మొదటి రెంటి దుంపకాండమును ఇసుకలో పూడ్చినచో కుళ్లును. రాతికి దారముతో కట్టవలెను. మూడవదానిని ఇసుకలో నాటవలెను.

ఆకులపైన, అద్దముపైన పాచి పట్టుచున్నచో దీపమును దినమునకు ఒక గంట తగ్గించి పక్షము దినములు చూడుడు. క్రొత్త ఆకులు పాలిపోయి, కాడలు సన్నగా సాగినచో గంట పెంచుడు. తొందరపడి దినమున కొక మార్పు చేసినవారికి కారణ మేదియో తెలియదు.

క్రిప్టోకొరైన్ నాటిన కొలది దినములకు ఆకులన్నియు కరగిపోవుటయు కలదు. చచ్చినదని పెరికి పారవేయకుడు. వేరు బ్రతికియే యుండును; నెల దినములు తాళినచో ఇసుకలోనుండి క్రొత్త ఆకు తల యెత్తును.