మీకు తెలుసా? అన్ని భాగములును అన్నింటికిని పొసగవు

కామారెడ్డి నుండి గాని, ఎల్లారెడ్డి నుండి గాని సికింద్రాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు పోయి, మేలిరకపు గేమింగ్ కంప్యూటరునకు వలయు భాగములను విడివిడిగా కొని తెచ్చుకొను యువకుడు, మరల అంత దూరము పోవు శ్రమను తప్పించుకొనదలచినచో, ధరకంటె ముందుగా ప్రాసెసరు కూర్చుండు సాకెట్టును విచారింపవలెను. ఏలయన, 2022లో వెలువడిన ఏఎమ్‌డీ వారి ఏఎమ్5 సాకెట్టు మదర్‌బోర్డులు డీడీఆర్5 మెమరీని మాత్రమే స్వీకరించును; పాత డీడీఆర్4 ర్యామునకును దీనికిని పిన్నులు సమానముగా 288 ఉన్నను, నడిమి గాడి స్థానభేదముచేత ఒకదాని చోట రెండవది ఇముడదు. ఇంటెల్ వారి ఎల్‌జీఏ1700 బోర్డులలోనో, కొన్ని డీడీఆర్4ను, కొన్ని డీడీఆర్5ను కోరును. సాకెట్టు ఒక్కటే గదా యని మోసపోరాదు.

ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4090 గ్రాఫిక్స్ కార్డు ఒక్కటియే 450 వాట్ల వరకు విద్యుత్తును హరించును గనుక, కనీసము 850 వాట్ల పవర్ సప్లై ఉండవలెనని నిర్మాతలే సూచించిరి. ఆ సంస్థ స్వయముగా విక్రయించిన కార్డు పొడవు 304 మిల్లీమీటర్లు. కావున క్యాబినెట్టు లోపలి కొలతను టేపుతో చూచుకొనుట నామోషీ కాదు. 40 డిగ్రీలు దాటు మా వేసవులలో ప్రాసెసరు కూలరు విషయమున పిసినారితనము పనికిరాదు. రంగుల దీపముల విషయమున మాత్రము మిక్కిలి పనికివచ్చును.