పటర్ పట్టే ముందు... మీ స్ట్రోక్ తెలుసుకోండి!

గోల్ఫ్‌లో 250 మీటర్లు దూసుకెళ్లిన షాట్‌కూ ఒకటే లెక్క, గుంత పక్కన ఆగిన బంతిని అరమీటరు దొర్లించినా ఒకటే లెక్క. ఆ దొర్లించే పని చేసే కర్రే పటర్. ఒక హోల్‌కు పార్ ఎంతో నిర్ణయించేటప్పుడు గ్రీన్ మీద రెండు పట్‌లు పడతాయన్న లెక్కతోనే నిర్ణయిస్తారు. అంటే పార్ 72 ఉండే కోర్సులో 18 గ్రీన్‌లకు 36 పట్‌లు. కాగితం మీద సగం ఆట ఈ ఒక్క కర్రదే!

‘ఉద్యోగం వెతుక్కునే మాకు గోల్ఫ్ ఎందుకు?’ అనుకుంటున్నారా? రెండు కారణాలున్నాయి. ఒకటి, రేపు ఉద్యోగంలో చేరాక సీనియరో, క్లయింటో ‘ఆదివారం గోల్ఫ్‌కి వస్తావా?’ అని అడిగే అవకాశం ఉంది. నాలుగు వారాలు వెళ్లేసరికి సొంత కర్ర కొనాలనిపిస్తుంది. పేరున్న బ్రాండ్ల ఖరీదైన పటర్ ధర ఒక ఫ్రెషర్ నెల జీతానికి దగ్గరగా ఉంటుంది. తప్పు కర్ర కొంటే జేబుతో పాటు ఆత్మవిశ్వాసానికీ చిల్లే. రెండోది, పటర్ ఎంచుకోవడం అచ్చమైన ఇంజినీరింగ్ సమస్య. ఫస్టియర్ ఫిజిక్స్, ఫోన్ కెమెరా, ఒక ఎక్సెల్ షీట్ చాలు, దాన్ని మీరే తేల్చేయొచ్చు.

ఒక్క డిగ్రీ ఖరీదు

ముందు చిన్న లెక్క చేద్దాం. గోల్ఫ్ గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు. మధ్య నుంచి అంచుకు 54 మిల్లీమీటర్లు. మీరు 10 అడుగుల దూరం నుంచి, అంటే సుమారు 3.05 మీటర్ల నుంచి పట్ చేస్తున్నారు. బంతి బయల్దేరే దిశ ఒక్క డిగ్రీ తప్పితే? టాన్ 1 డిగ్రీ విలువ 0.01746. దూరంతో గుణిస్తే 53 మిల్లీమీటర్లు. బంతి మధ్యభాగం సరిగ్గా గుంత అంచు మీదకు వస్తుంది. అదృష్టం ఉంటే పడుతుంది, లేదంటే అంచు చుట్టి బయటికొస్తుంది. రెండు డిగ్రీలు తప్పితే ఆశ వదులుకోవడమే.

బంతి ఏ దిశలో బయల్దేరాలో ఎక్కువగా నిర్ణయించేది తాకిన క్షణంలో పటర్ ముఖం ఎటు చూస్తోందన్నదే. చెయ్యి ఏ దారిలో కదిలిందన్నది దాని తర్వాతే. కాబట్టి మంచి పటర్ అంటే ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పొచ్చు. మీరు మామూలుగా ఊపే ఊపుకి, మీరు బలవంతం చేయకుండానే, ముఖం నేరుగా వచ్చి బంతిని తాకేలా చేసేదే మీకు మంచి పటర్. ఇందులో ‘మీరు’ అన్న మాటే కీలకం.

గ్యారేజీలో పుట్టిన జవాబు

పటర్‌ను ఇలా ఇంజినీర్ కళ్లతో చూసి చరిత్రలో నిలిచిన మనిషి కార్‌స్టెన్ సోల్‌హైమ్. 1911లో నార్వేలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా వెళ్లాడు. ఆర్థిక మాంద్యం వల్ల యూనివర్సిటీ చదువు మధ్యలోనే ఆగింది. కొన్నాళ్లు చెప్పులు బాగుచేసి బతికాడు. తర్వాత ఇంజినీర్‌గా ఎదిగి జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేశాడు. గోల్ఫ్ మొదలుపెట్టింది 42 ఏళ్ల వయసులో. పటింగ్ అస్సలు కుదరలేదు.

ఆయన తన కర్రను సమస్యగా తీసుకుని ఆలోచించాడు. బంతి పటర్ తలకు మధ్యలో కాకుండా పక్కన తగిలితే తల తిరిగిపోతోంది. మరి బరువును మధ్యలో కాకుండా రెండు చివరలకూ జరిపితే? 1959లో తన గ్యారేజీలో తొలి పటర్ తయారుచేశాడు. బంతిని కొడితే ‘పింగ్’మని మోగింది. అదే బ్రాండ్ పేరైంది. 1966లో వచ్చిన ‘ఆన్సర్’ మోడల్ తొలి బొమ్మను గ్రామఫోన్ రికార్డు కవరు మీద గీశాడని చెబుతారు. ఆన్సర్ స్పెల్లింగ్ కర్ర మీద పట్టకపోతే డబ్ల్యూ అక్షరం తీసేయమని భార్య లూయీస్ సలహా ఇచ్చారు. మరుసటి ఏడాది ఆయన ఉద్యోగం మానేసి పూర్తిగా ఇదే పనిలో దిగాడు. ఇప్పటికీ ఏ షాపుకెళ్లినా ఆ ఆకారాన్ని పోలిన పటర్లు కనిపిస్తాయి.

మొదటి అడుగు: ఫోన్ కెమెరా

షాపుకి వెళ్లే ముందు మీ స్ట్రోక్ ఎలా ఉందో తెలుసుకోవాలి. అరువు తెచ్చుకున్న పటర్ ఏదైనా చాలు. హాస్టల్ వరండాలో టైల్స్ మధ్య గీత ఉంటుంది కదా, అదే మీ స్కేలు. బంతిని గీత మీద పెట్టండి. ఫోన్‌ను ఎత్తైన స్టూల్ అంచున కిందికి చూసేలా కదలకుండా పెట్టి, స్లో మోషన్‌లో పది స్ట్రోక్‌లు రికార్డు చేయండి.

వీడియోలో రెండు విషయాలు చూడండి. పటర్ తల గీత వెంటే వెనక్కీ ముందుకీ వెళ్తోందా? లేక వెనక్కి వెళ్లేటప్పుడు మీ కాళ్ల వైపు లోపలికి వంగి, బంతి దగ్గర గీత మీదకు వచ్చి, మళ్లీ లోపలికి వెళ్తోందా? మొదటిది నేరు స్ట్రోక్, రెండోది ఆర్క్ స్ట్రోక్. చాలామందిలో ఎంతో కొంత ఆర్క్ ఉంటుంది. రెండింటిలో ఏదీ తప్పు కాదు. పది వీడియోల్లోనూ ఒకేలా ఉందా లేదా అన్నదే ముఖ్యం. ఒక్కోసారి ఒక్కోలా ఉంటే ఇప్పుడే కర్ర కొనకండి. కొన్ని వారాలు సాధన చేసి మళ్లీ చూడండి.

రెండో అడుగు: వేలి మీద పరీక్ష

ఇప్పుడు పటర్ స్వభావం చూద్దాం. షాఫ్ట్‌ను తలకు దగ్గరగా ఒక వేలి మీద అడ్డంగా నిలబెట్టండి. తల ఎటు తిరుగుతుందో గమనించండి. ముఖం ఆకాశం వైపు చూస్తే అది ఫేస్ బ్యాలెన్స్‌డ్ రకం. తల ముందు కొస, అంటే టో, నేల వైపు వాలితే అది టో హ్యాంగ్ రకం. ఎంత వాలితే అంత ఎక్కువ హ్యాంగ్.

కారణం సింపుల్. టో హ్యాంగ్ పటర్‌లో తల ద్రవ్యరాశి కేంద్రం షాఫ్ట్ అక్షం నుంచి టో వైపు పక్కకి ఉంటుంది. అందువల్ల ఊపులో ముఖం తెరుచుకుని మూసుకోవడం సులువు. ఇది ఆర్క్ స్ట్రోక్‌కి తోడు వెళ్తుంది. ఫేస్ బ్యాలెన్స్‌డ్‌లో ఆ మెలి తక్కువ కాబట్టి నేరు స్ట్రోక్‌కి నప్పుతుందంటారు. ఆర్క్ తక్కువగా ఉన్నవారు మధ్యరకం హ్యాంగ్ చూడొచ్చు. అయితే దీన్ని నియమంగా కాక, తొలి అంచనాగానే తీసుకోండి. చివరి తీర్పు మీ డేటాదే.

ఈమధ్య ‘జీరో టార్క్’ అనే మూడో రకం కూడా బాగా వినిపిస్తోంది. ఊపులో ముఖం తనంతట తాను మెలి తిరగకుండా బరువును సర్దిన డిజైన్ ఇది. 2025 యూఎస్ ఓపెన్‌లో జేజే స్పాన్ ల్యాబ్ గోల్ఫ్ కంపెనీ తయారుచేసిన ఈ రకం పటర్‌తోనే చివరి గ్రీన్‌పై 64 అడుగుల పట్ వేసి గెలిచాడు.

బ్లేడా? మాలెటా?

షాపులో రెండు ఆకారాలు కనిపిస్తాయి. సన్నగా పట్టీలా ఉండేది బ్లేడ్. వెనక్కి వెడల్పుగా సాగి ఉండేది మాలెట్. ఇక్కడ గుర్తు చేసుకోవాల్సింది జడత్వ భ్రామకం. బరువు అక్షం నుంచి రెట్టింపు దూరం జరిగితే తిరగకుండా ఆపే గుణం నాలుగు రెట్లవుతుంది. నమ్మకం లేకపోతే స్కేలు మధ్యలో రెండు నాణేలు అతికించి చేత్తో అటూ ఇటూ తిప్పండి. తర్వాత అవే నాణేలను రెండు చివర్లకూ అతికించి తిప్పండి. తేడా మీ మణికట్టే చెబుతుంది.

మాలెట్‌లో బరువు దూరంగా పంచి ఉంటుంది. బంతి మధ్యలో తగలకపోయినా తల తక్కువగా తిరుగుతుంది. కొత్తవాళ్లకు ఇది కొంత ఊరట. పైన పొడవాటి గీతలకు చోటుండటంతో గురి చూసుకోవడం కూడా కొందరికి తేలిక. బ్లేడ్‌లో ఆ దయ తక్కువ. కానీ బంతి ఎక్కడ తగిలిందో చేతికి స్పష్టంగా తెలుస్తుందని ఇష్టపడేవాళ్లున్నారు.

మరి గొప్పవాళ్లు ఏది వాడతారు? టైగర్ వుడ్స్ తన 15 మేజర్ టైటిళ్లలో 14 ఒకే స్కాటీ కామెరాన్ బ్లేడ్‌తో గెలిచాడు. ప్రపంచ నంబర్ వన్ స్కాటీ షెఫ్లర్‌ను పటింగే ఇబ్బంది పెడుతున్న రోజుల్లో, 2024 మార్చిలో టేలర్‌మేడ్ స్పైడర్ మాలెట్‌కు మారాడు. మారిన తొలి టోర్నీ గెలిచాడు, ఆ వెంటనే ప్లేయర్స్ చాంపియన్‌షిప్, ఏప్రిల్‌లో మాస్టర్స్ గెలిచాడు. ఇద్దరి కర్రలూ వేరు, ఇద్దరూ విజేతలే. వాళ్లది చూసి మనది కొంటే పక్కవాడి కళ్లజోడు పెట్టుకున్నట్టే.

పొడవు, పిడి, శబ్దం

* పొడవు: షాపుల్లో ఎక్కువగా 33, 34, 35 అంగుళాలవి దొరుకుతాయి. చేతులు భుజాల నుంచి వదులుగా వేలాడేలా వంగి నిలబడండి. ముక్కు పైభాగం దగ్గర నుంచి బంతిని వదిలితే అది నేల మీది బంతి మీదో, కాస్త మీ వైపుకో పడాలి. అలా నిలబడ్డప్పుడు చేతులకు పిడి ఎక్కడ అందుతుందో అదే మీ పొడవు.
* కోణం: ఆ భంగిమలో పటర్ అడుగు నేలకు సమంగా ఆనాలి. టో కిందో, వెనక హీల్ కిందో నాణెం దూరే సందు ఉంటే కోణం మీకు కుదరలేదన్నమాట. చాలా పటర్లను ఫిట్టర్లు కొద్దిగా వంచి సరిచేయగలరు.
* పిడి: లావు పిడి మణికట్టు కదలికను తగ్గిస్తుంది. సన్న పిడి వేళ్లకు పని ఎక్కువిస్తుంది. పిడిని తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు. కేవలం పిడి నచ్చలేదని కర్రను తిరస్కరించకండి.
* ముఖం: కొన్ని పూర్తిగా లోహం, కొన్నింటికి మెత్తటి పాలిమర్ పలక ఉంటుంది. లోహం టక్కుమంటుంది, పలక మెత్తగా పలుకుతుంది. మనం ‘ఫీల్’ అనేదాంట్లో శబ్దానిదీ పెద్ద వాటానే. చెవుల్లో దూది పెట్టుకుని అవే రెండు పటర్లతో కొట్టి చూడండి, ఆశ్చర్యపోతారు. ఏ శబ్దం వింటే దూరం అంచనా బాగా కుదురుతోందో అది ఎంచుకోండి.

అసలు పరీక్ష: 20 బంతులు

ఇలా వడపోస్తే రెండు పటర్లు మిగులుతాయి. వాటిని ఎ, బి అనుకుందాం. వీలైతే ధరలు చూడకండి, ఖరీదు తెలిస్తే చెయ్యి పక్షపాతం చూపిస్తుంది.

1. ప్రాక్టీస్ గ్రీన్‌పై సమతలంగా ఉన్నచోట 6 అడుగుల దూరం నుంచి ఒక్కోదానితో 20 బంతులు కొట్టండి. ఎ-తో 5, బి-తో 10, ఎ-తో 10, బి-తో 5... ఇలా మార్చి మార్చి కొడితే అలసట, అలవాటు ప్రభావం ఒకదాని మీదే పడదు.
2. ప్రతి బంతికీ లోపల, ఎడమ, కుడి, తక్కువ, ఎక్కువ... వీటిలో ఏదో రాసుకోండి.
3. బంతి వెనుక వైట్‌బోర్డు మార్కర్‌తో చుక్క పెట్టండి. తాకిన చోట పటర్ ముఖంపై ముద్ర పడుతుంది. ముద్రలు ఒకచోట గుంపుగా ఉన్నాయా, చెల్లాచెదురుగా ఉన్నాయా చూడండి.
4. తర్వాత 30 అడుగుల నుంచి ఒక్కోదానితో పదేసి. ఇక్కడ గుంతలో పడటం ముఖ్యం కాదు. బంతులు ఎంత దగ్గర దగ్గరగా ఆగాయన్నదే లెక్క.

ఎన్ని పడ్డాయన్న ఒక్క అంకెనే నమ్మకండి. 20లో 11కూ, 12కూ తేడా పెద్దదేం కాదు. తప్పుల తీరు చూడండి. తప్పినవన్నీ కుడివైపే వెళ్తే ముఖం మూసుకోవడం లేదేమో, వేరే హ్యాంగ్ ప్రయత్నించాలి. అటూ ఇటూ సమానంగా ఉంటే కర్రది కాదు, సాధన లోటు. వీలైతే మరో రోజు ఇదే పరీక్ష మళ్లీ చేయండి. రెండు రోజులూ ఒకే పటర్ మెరుగ్గా ఉంటే అదే మీది.

రివ్యూలు రాసే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. ఏ రివ్యూలోని అంకెలైనా ఆ రివ్యూయర్ చేతికి వచ్చిన అంకెలే. మీ చేతి అంకెలు మీ దగ్గరే ఉంటాయి.

ఖర్చు తగ్గించుకోండిలా

పటర్ ఏటా పాతబడే ఫోన్ లాంటిది కాదు. వుడ్స్ అదే కర్రను 1999 నుంచి ఏళ్ల తరబడి వాడాడు. కాబట్టి మంచి స్థితిలో ఉన్న సెకండ్ హ్యాండ్‌కు వెనకాడక్కర్లేదు. షాఫ్ట్ వంగిందా, తల వదులైందా, ముఖంపై లోతైన గాట్లున్నాయా చూసుకుంటే చాలు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లో గోల్ఫ్ కోర్సులున్నాయి. సభ్యులు కానివారికి ప్రవేశం ఎలాగో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పరిచయస్తులుంటే వాళ్ల కర్రలతోనే పరీక్ష చేయొచ్చు.

రెజ్యూమెకీ పనికొస్తుంది

మెకానికల్ వాళ్లు పటర్ తలను క్యాడ్‌లో గీసి, బరువు చివరలకు జరిపితే జడత్వ భ్రామకం ఎంత మారుతుందో లెక్కించొచ్చు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు స్లో మోషన్ వీడియో నుంచి పటర్ తల దారిని పైథాన్‌తో గుర్తించే ప్రోగ్రాం రాయొచ్చు. ఎలక్ట్రానిక్స్ వాళ్లు పిడికి చిన్న గైరో సెన్సర్ బిగించి ముఖం మెలిని కొలవొచ్చు. ఖర్చు తక్కువ, ఫలితం అంకెల్లో కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ‘సమస్య ఏమిటి, ఏం కొలిచావు, ఏం తేలింది?’ అని అడిగితే మూడింటికీ మీ దగ్గర సొంత జవాబు ఉంటుంది. క్రీడా పరికరాల డిజైన్, మోషన్ ట్రాకింగ్, క్లబ్ ఫిట్టింగ్ లాంటి రంగాలు జరుగుతున్నది కూడా ఈ మూడు ప్రశ్నల చుట్టూనే.

కాబట్టి షాపులో ఎవరైనా ‘ఇది టాప్ మోడల్ సార్’ అంటే ఒక్కటే అడగండి: ‘ఓ నలభై బంతులు కొట్టి చూడొచ్చా?’ సరేనంటే మీ ఎక్సెల్ షీట్ తెరవండి. కుదరదంటే మరో షాపు చూసుకోండి.