హిట్ అవ్వని పాటే నా టెస్ట్ ట్రాక్: బిగ్ స్టార్ 'సెప్టెంబర్ గర్ల్స్' ఎందుకు వినాలి?

కొత్త ఇయర్‌బడ్స్ బాక్సులోంచి తీయగానే నేను పెట్టే మొదటి పాట ఒకటుంది. డీజే పాట కాదు, బాస్‌తో గుండె అదరగొట్టే పాటా కాదు. 1974లో అమెరికాలోని మెంఫిస్ బ్యాండ్ బిగ్ స్టార్ చేసిన 'సెప్టెంబర్ గర్ల్స్'. మూడు నిమిషాలు కూడా ఉండదు.

"ఎప్పుడూ వినలేదే" అంటారా? అప్పట్లో అమెరికాలోనే చాలామంది వినలేదు. ఎందుకు వినలేదో తెలిస్తే, ఫోన్ల మార్కెట్ ఫాలో అయ్యేవాళ్లకి ఎక్కడో చూసిన కథలా అనిపిస్తుంది.

ముందు మా పెనుగొండ సంగతి

ఒకప్పుడు మా పెనుగొండలో ఫోన్‌లోకి పాటలు సెల్ షాపు నుంచే వచ్చేవి. మెమరీ కార్డు చేతిలో పెట్టి "అన్నా, కొత్త పాటలు ఎక్కించవా" అంటే, కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్ మొత్తం కాపీ చేసి ఇచ్చేవాడు. అందులో ఉన్నదే మాకు సంగీతం. లేని పాట అసలు పుట్టనట్టే లెక్క.

2010 నాటి 'ఆరెంజ్' గుర్తుందిగా? సినిమా పోయింది. హ్యారిస్ జయరాజ్ పాటలు మాత్రం ఫోన్లలో ఉండిపోయాయి. 2023లో రీ-రిలీజ్ చేస్తే జనం థియేటర్లో గొంతు కలిపి పాడారు. బిగ్ స్టార్‌ది దీనికి రివర్స్ కేసు. పాట బాగుంది, చేరాల్సిన చోటికి చేరలేదు.

సరుకు బాగుంది, షాపులో లేదు

ఈ తరహా పాటల్ని పవర్ పాప్ అంటారు. ఆ మాట 1967లో 'ద హూ' బ్యాండ్ గిటారిస్ట్ పీట్ టౌన్‌షెండ్ వాడాడు. సింపుల్‌గా చెప్పాలంటే బీటిల్స్ లాంటి తియ్యటి ట్యూన్, దాని వెనక రాక్ బ్యాండ్ గిటార్ల జోరు.

'సెప్టెంబర్ గర్ల్స్' రాసి పాడిన అలెక్స్ చిల్టన్ కొత్తవాడేం కాదు. 16 ఏళ్లకే బాక్స్ టాప్స్ బ్యాండ్‌తో 'ద లెటర్' పాడి, 1967లో అమెరికా నంబర్ వన్ కొట్టాడు. తర్వాత చేరిన బిగ్ స్టార్ మొదటి ఆల్బమ్‌కి ధీమాగా 'నంబర్ వన్ రికార్డ్' అని పేరు పెట్టారు. 1972లో విమర్శకులు మెచ్చుకున్నారు. కొందామని షాపుకెళితే రికార్డు లేదు.

రెండో ఆల్బమ్ 'రేడియో సిటీ'లోదే మన పాట. దాని పంపిణీ స్టాక్స్, కొలంబియా కంపెనీల చేతిలో ఉంది. ఆ రెండింటికీ పడలేదు. మధ్యలో ఆల్బమ్ నలిగిపోయింది. సుమారు 20,000 కాపీల దగ్గర ఆగింది. రివ్యూల్లో మంచి మార్కులు పడ్డ ఫోన్ 'అవుట్ ఆఫ్ స్టాక్' బోర్డుతోనే కనుమరుగైతే ఎలా ఉంటుందో ఇదీ అంతే.

మరి బతికిందెలా? విన్న కొద్దిమందిలో బ్యాండ్లు పెట్టినవాళ్లు ఉన్నారు. 1986లో బ్యాంగిల్స్ ఈ పాటని తమ 'డిఫరెంట్ లైట్' ఆల్బమ్‌లో మళ్లీ పాడారు. 2004లో రోలింగ్ స్టోన్ పత్రిక 500 గొప్ప పాటల లిస్టులో 178వ స్థానం ఇచ్చింది. పేరులో 'గర్ల్స్' అన్న మాటకి 'ఐ' బదులు 'యూ' ఉంటుంది. 2010లో కేటీ పెర్రీ 'కాలిఫోర్నియా గర్ల్స్'కి అదే స్పెల్లింగ్ పెట్టింది బిగ్ స్టార్ మీద గౌరవంతోనే. అది నంబర్ వన్ అయింది. చిల్టన్ చూడలేదు. అదే ఏడాది మార్చిలో చనిపోయాడు.

ఇయర్‌బడ్స్‌లో ఏం గమనించాలి?

ముందు బాస్ బూస్ట్ ఆఫ్ చేయండి, ఈక్వలైజర్ ఫ్లాట్‌లో పెట్టండి.

గిటార్: మొదలవ్వగానే గాజు గ్లాసులు తగిలినట్టు మోగుతుంది. ట్రెబుల్ అతిగా పెంచిన బడ్స్‌లో ఇదే చెవిలో గుచ్చుకుంటుంది.

గొంతులు: చిల్టన్ గొంతు వెనక కోరస్ విడిగా వినిపించాలి. అంతా ముద్దగా ఉంటే మిడ్స్ వీక్ అని అర్థం.

సింబల్స్: 'ఇస్స్' అని అరిగిపోయినట్టు వస్తే సెట్టింగ్స్‌లో కోడెక్ చూడండి. ఎస్‌బీసీ మీద ఉందేమో. ఫోన్, బడ్స్ రెండూ ఎల్‌డాక్ సపోర్ట్ చేస్తే అది ఆన్ చేసి పోల్చి చూడండి.

చివరి మాట

ఇప్పుడు కంపెనీల గొడవ లేదు, స్టాక్ సమస్య లేదు. పెనుగొండలో కూర్చుని ఈ పాట వినడానికి పది సెకన్లు చాలు. అయినా అది దానంతట అది మీ ముందుకు రాదు. సెల్ షాపు ఫోల్డర్ పోయి యాప్ రికమెండేషన్ వచ్చింది, అంతే. రెండూ ఇప్పటికే హిట్ అయినవాటినే చేతిలో పెడతాయి. ఆ రోజుల్లో షాపు అన్నని "ఇంకేమైనా ఉన్నాయా" అని అడిగినా ప్రయోజనం ఉండేది కాదు. ఇప్పుడు అడగడానికి సెర్చ్ బాక్స్ ఉంది.

ఈ రాత్రి ఒక్కసారి ఆ పేరు టైప్ చేయండి. నచ్చకపోయినా, మీ ఇయర్‌బడ్స్ సంగతైతే తేలిపోతుంది.