విరిగిన స్నూకర్ క్యూ మళ్లీ నిటారుగా నిలవాలంటే

స్నూకర్‌లో ఏడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన స్టీఫెన్ హెండ్రీ, ఆ విజయాలన్నింటినీ ఒకే కర్రతో సాధించాడు. 2003లో థాయ్‌లాండ్ నుంచి విమానంలో తిరిగి వస్తుండగా ఆ కర్ర విరిగిపోయింది. బాగుచేయడానికి వీలుకాక ఆయన కొత్తదానికి అలవాటు పడాల్సి వచ్చింది. స్నూకర్ పుట్టిల్లు మన దేశమే. 1875లో జబల్‌పూర్‌లోని బ్రిటిష్ సైనికాధికారుల మధ్య ఈ ఆట మొదలైంది. ఇప్పటికీ మన క్లబ్బుల్లో ఆడేవారికి క్యూ విరిగితే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: దాన్ని అతికించవచ్చా? జవాబు కర్ర ఎక్కడ, ఎలా విరిగిందన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

క్యూలో ఏముంటుంది?

క్యూ పొడవు సాధారణంగా 145 సెంటీమీటర్లకు అటూ ఇటూగా, బరువు అర కిలో దగ్గర ఉంటుంది. చేత్తో పట్టుకునే మొదలు సుమారు 30 మిల్లీమీటర్ల మందం ఉంటే, బంతిని తాకే కొన దాదాపు 10 మిల్లీమీటర్లకు సన్నబడుతుంది. పొడవాటి భాగాన్ని యాష్ లేదా మేపుల్ కలపతో, మొదలును బరువైన నల్ల ఎబొనీతో చేస్తారు. బీడీ ఆకు ఇచ్చే మన తునికి చెట్టు కూడా ఎబొనీ చెట్ల ప్రజాతికే చెందినది.

కలపను సన్నటి గొట్టాల కట్టగా ఊహించుకోవచ్చు. ఈ గొట్టాలు చెట్టు ఎదిగిన దిశలోనే బారులు తీరి ఉంటాయి. అందుకే కలపను పొడవునా లాగితే గట్టిగా నిలుస్తుంది, నార వెంబడి చీల్చితే తేలిగ్గా విడిపోతుంది. మరమ్మతు పద్ధతిని నిర్ణయించేది ఈ గుణమే.

చీలిక వేరు, విరుపు వేరు

నార వెంబడి పడిన చీలికను బాగుచేయడం సులువు. రెండు వైపులా గొట్టాల పక్క గోడలు ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి జిగురు బాగా పట్టుకుంటుంది. చీలికను కాస్త తెరిచి, పల్చటి ఎపాక్సీని లోపలిదాకా వెళ్లనిచ్చి, పాత సైకిల్ ట్యూబు పట్టీలను చుట్టూ బిగించి ఒక రోజు వదిలేస్తారు. పట్టీ మరీ బిగుసుకుంటే జిగురంతా బయటికి వచ్చేసి అతుకు బలహీనపడుతుంది.

అడ్డంగా పుటుక్కున విరిగితే కథ వేరు. అక్కడ ఎదురుపడేవి గొట్టాల నోళ్లు. అవి స్ట్రాల్లా జిగురును లోపలికి పీల్చేసుకుంటాయి, పైన మిగిలేది తక్కువ. మొనకు మొన అతికించిన కర్ర మొదటి గట్టి దెబ్బకే ఊడిపోవచ్చు.

దీనికి వడ్రంగులు కనిపెట్టిన ఉపాయం ఏటవాలు అతుకు. రెండు ముక్కలనూ వాలుగా చిత్రిక పట్టి ఒకదానిపై ఒకటి ఆనిస్తే, జిగురుకు మళ్లీ పక్క గోడలు దొరుకుతాయి. వాలు పొడవు కర్ర మందానికి కనీసం 8 రెట్లు ఉండాలి. అంటే 12 మిల్లీమీటర్ల చోట దాదాపు 10 సెంటీమీటర్లు. క్రికెట్ బ్యాట్‌లో పిడిని పొడవాటి వి ఆకారపు చీలికలో దించడం వెనుక ఉన్న సూత్రం కూడా ఇదే. అయితే ఈ పద్ధతిలో క్యూ పొడవు తగ్గుతుంది, లేదంటే అదే రకం కలప ముక్కను కొత్తగా చేర్చాలి.

విరిగిన చోటే కీలు

మధ్యలోనో మొదలు దగ్గరో విరిగితే, ఆ చోటే మరలున్న ఇత్తడి కీలు పెట్టి క్యూను రెండు ముక్కలుగా విడదీయగలిగేలా చేయడం మేలు. రెండు కొనలనూ సన్నపళ్ల రంపంతో లంబంగా కోసి, నడుమ రంధ్రం చేసి, ఒక వైపు మర ఉన్న కడ్డీని, రెండో వైపు అది దిగే గొట్టాన్ని ఎపాక్సీతో కూర్చుతారు.

రంధ్రం చేస్తే కర్ర బలం పోదా? వంపును తట్టుకునే శక్తి మందపు నాలుగో ఘాతాన్ని అనుసరిస్తుంది. కర్ర మందంలో సగం వెడల్పుతో రంధ్రం చేస్తే నాలుగో వంతు కలప పోయినా, బిగువులో తగ్గేది పదహారో వంతు మాత్రమే. వంపును ఎక్కువగా ఆపేది పై పొర. అయితే గోడ పలచబడి చీలకుండా చుట్టూ ఇత్తడి ఉంగరం తొడగాలి.

అసలు కష్టం రంధ్రాన్ని సరిగ్గా నడిమధ్యన, నిటారుగా దించడంలో ఉంది. అది ఒక్క డిగ్రీ వాలినా 70 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కొన 12 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. లేత్ లేనివారు కర్రను వి గాడిలో పడుకోబెట్టి, కోసిన ముఖం మీద ఒక గీత గీసి, పావు చుట్టు తిప్పి మరో గీత గీస్తారు. ఇలా నాలుగు గీతలు గీస్తే మధ్యలో చిన్న చతురస్రం మిగులుతుంది. కేంద్రం దాని నడుమ ఉంటుంది. కీలు బిగించాక క్యూను రెండు వి గాడులపై ఉంచి తిప్పుతారు. కొన గాలిలో సున్నా చుడితే అతుకు వంకరగా ఉన్నట్టే.

ఇత్తడి కలప కంటే పది రెట్లకు పైగా బరువైనది. 500 గ్రాముల క్యూ మొదలు నుంచి 42 సెంటీమీటర్ల దగ్గర తూగుతోందనుకుందాం. 73 సెంటీమీటర్ల దగ్గర 30 గ్రాముల కీలు చేరితే, తూకం తప్పే చోటు దాదాపు ఒక సెంటీమీటరు ఎనిమిది మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. అనుభవమున్న చేతికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

తేమ తెచ్చే చిక్కు

కలప గాలిలోని తేమను బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. పొడవులో మార్పు దాదాపు ఉండదు. ఇత్తడికి తేమతో పని లేదు. అందుకే వానాకాలంలో నున్నగా అరగదీసిన అతుకు దగ్గర ఎండాకాలంలో ఉంగరపు అంచు వేలికి తగులుతుంది. ముక్కలన్నిటినీ కొన్ని రోజులు ఒకే గదిలో ఉంచాకే పని మొదలుపెట్టడం మంచిది.

చివరగా సన్నని గరుకు కాగితంతో రుద్ది అవిసె నూనె పలచగా పట్టిస్తారు. ఈ నూనె ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట పరిచి ఆరనివ్వాలి.

ఇంత జాగ్రత్తగా చేసినా పాత క్యూ అచ్చంగా తిరిగి రాదు. అతుకు బలంగా కుదిరినా బరువు, తూకం, బంతిని కొట్టినప్పుడు చేతికి అందే కంపనం కాస్త మారతాయి. కర్ర నిటారుగా ఉందని గాడి చెబుతుంది. అది మళ్లీ తన కర్ర అయిందో లేదో మాత్రం ఆటగాడి చెయ్యే తేల్చాలి.